మగపిల్లాడికి పొట్టి పేరు, దూరదేశపు పేరు: ఎంచుకునే పద్ధతి

రెండు మూడక్షరాల్లో అయిపోవాలి, క్లాసులో ఇంకొకడికి ఉండకూడదు, రేపు విదేశం వెళ్లినా అక్కడివాళ్లకు నోరు తిరగాలి. బిడ్డ పుట్టబోతున్న ఏ ఇంటికి వెళ్లినా ఈ మధ్య ఇదే మాట వింటున్నాను. మా పెద్దమ్మాయి పురిటికి వచ్చినప్పుడు కూడా ఫోన్‌లో పేర్ల చిట్టా ఒకటి పట్టుకొచ్చింది. నేను మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను, విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటాను. ఆ చిట్టాలో ఉన్నవాటిలో చాలావరకు నాకు ఓడల మీద మనుషుల పేర్లుగానే తెలుసు. ఫిన్లాండ్ వాళ్లు, ఘానా వాళ్లు, టర్కీ వాళ్లు, ఇండోనేషియా వాళ్లు తమ పేరు తాము ఎలా పలుకుతారో దగ్గర కూర్చుని విన్నాను. జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. అందులోంచి మీ ఇంటికి సరిపోయేది ఏరుకోవడమే అసలు పని. అది ఎలా చేయాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు గట్టిగా పిలిచి చూడండి

పేరు ఉన్నది పిలవడానికి. కాబట్టి ఫోన్ పక్కన పెట్టి నోటితో మొదలుపెట్టండి. ఇంజిన్ రూములో మెయిన్ ఇంజిన్, జనరేటర్లు కలిసి మోగుతుంటే చెవులకు మఫ్స్ పెట్టుకుని పనిచేస్తాం. ఏ పేరు వినిపిస్తుందో, ఏది ఆ హోరులో కలిసిపోతుందో అక్కడ రోజూ తెలిసేది. గట్టిగా పలికే దీర్ఘం ఉంటే పేరు హోరును దాటి వస్తుంది: లూకా, నీకో, థియో, హారు. స, ఫ లాంటి గాలి అక్షరాల మీద నడిచే పేర్లు అంత దూరం రావు. వేల్స్ దేశపు రీస్ చక్కటి పేరే, కానీ దూరం నుంచి పిలిస్తే చివరి అక్షరం గాలిలోనే పోతుంది.

మీకు ఇంజిన్ రూము అక్కర్లేదు, ఆర్కే బీచ్ చాలు. ఆదివారం సాయంత్రం సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర, అలల చప్పుడు, జనం గోల మధ్య భార్యాభర్తలు కాస్త ఎడంగా నిలబడండి. ఒకరు చిట్టాలో పేరు పిలవాలి, రెండోవారు తమకు వినిపించింది వినిపించినట్టు చెప్పాలి. సర్దిచెప్పుకోకూడదు. మా అమ్మాయి, అల్లుడు చేసినప్పుడు చిట్టాలో సగం ఇసుక మీదే రాలిపోయింది. "ఎజ్రా" అని పిలిస్తే అల్లుడికి "ఏంట్రా" అని వినిపించింది. హీబ్రూలో ఎజ్రా అంటే సహాయం, పాతకాలపు గౌరవమైన పేరు. కానీ రోజూ తండ్రి కొడుకును ఏంట్రా అని గదమాయిస్తున్నట్టు ఉంటే ఎలా? బీచ్ దాకా వెళ్లలేకపోతే ఇంట్లో మిక్సీ తిరుగుతున్నప్పుడు వంటింట్లోంచి హాల్లోకి పిలవండి.

కి, ని, తో తగిలించండి

ఐస్‌లాండ్‌లో పేర్ల కమిటీ ఒకటి ఉంది. 1991లో ఏర్పడింది. ఎవరైనా కొత్త పేరు పెట్టాలనుకుంటే అది తమ భాష విభక్తులకు లొంగుతుందా లేదా అని చూసి గానీ ఒప్పుకోదు. వినగానే నాకు చాలా నచ్చిన నియమం ఇది. మనమూ అదే చేయాలి. లియోకి పాలు పట్టావా, లియోని ఎత్తుకో, లియోతో ఎవరున్నారు, లియోగాడు నిద్రపోయాడా. నాలుక ఎక్కడా తట్టుకోలేదు కదా. తర్వాత గారు తగిలించండి: లియో గారు ఉన్నారా? ఈ పేరు నలభై ఏళ్లవాడికీ అరవై ఏళ్లవాడికీ ఉండాలి. పసివాడికి ముద్దొచ్చి పెద్దవాడికి నప్పని పేర్లు ఈ ఒక్క మాటతో తేలిపోతాయి.

హల్లుతో ఆగిపోయే పేరుకు మన ఇళ్లలో ఉకారం వచ్చి చేరుతుంది. ఫిన్ అనే ఐరిష్ పేరు ఫిన్ను అవుతుంది, జపాన్ వాళ్ల కెన్ కెన్ను అవుతుంది, రష్యా వాళ్ల లెవ్ లెవ్వు అవుతుంది. నాయనమ్మ నోట్లో అది రాక మానదు. మీకు ఫర్వాలేదనిపిస్తే సరే. వద్దనుకుంటే మాటలు ఎక్కువగా అచ్చుతో ముగిసే భాషల వైపు చూడండి: ఇటలీ, జపాన్, ఫిన్లాండ్, హవాయి. హవాయి భాషలో అయితే హల్లుతో ముగిసే మాటే ఉండదు.

కానీ ఆకారంతో ముగిసే పేరు తెలుగు చెవికి ఆడపేరులా తోస్తుంది. 1955లో మన దేశానికి వచ్చిన సోవియట్ నాయకుడు నికితా క్రుశ్చేవ్. రష్యాలో నికితా అచ్చంగా మగపేరు. ఇక్కడ ఆ పేరు పెడితే స్కూల్లో చేరిన రోజే అమ్మాయిల వరసలో రాసేస్తారు. ఇటలీలో మగవాళ్లు పెట్టుకునే ఆండ్రియా సంగతీ అంతే. లూకాకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. తెలుగు బైబిల్లో లూకా సువార్త ఉంది కాబట్టి చర్చికి వెళ్లని ఇళ్లకు కూడా అది మగపేరని తెలుసు.

తెలుగులో ఏమని వినిపిస్తుంది

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి. పేరు పొట్టిదయ్యే కొద్దీ తెలుగు మాట ఏదో ఒకటి దానిమీదకు వచ్చి కూర్చుంటుంది. నాలుగైదక్షరాల పేరుకు ఈ బెడద తక్కువ, రెండక్షరాల పేరుకు చాలా ఎక్కువ.

ఓడిన్ ఉత్తర యూరప్ పాత దేవుళ్లలో పెద్దవాడు, జ్ఞానం కోసం ఒక కన్ను ఇచ్చేశాడని కథ. తెలుగులో ఓడిన్ అంటే ఓడినవాడు. క్రికెట్ ఆడే వయసులో ఆ పిల్లాడు ఏం పడతాడో ఊహించుకోండి. నైజీరియా యోరుబా వాళ్లకు అయో అంటే ఆనందం. మనకది అయ్యో. అదే భాషలో అదె అంటే కిరీటం, మనకు "అదే". హవాయిలో కోవా అంటే వీరుడు, ఒక గొప్ప చెట్టు పేరు కూడా. మనకు కోవా పాలకోవా. జర్మన్ల ఒట్టో ఇక్కడ ఒట్టు అవుతుంది. ఫిన్లాండ్‌లో మీకా చాలామందికి ఉండే పేరు, బైబిల్ ప్రవక్త పేరు కూడా తెలుగులో మీకాయే. కానీ "పేరేంటమ్మా?" అంటే "మీకా" అంటే, "నాకు కాదు, బాబుకి" అంటారు ఎదుటివాళ్లు.

జపాన్‌లో సొర అంటే ఆకాశం. ఎంత బాగుందో. కానీ మన ఊళ్లో ఫిషింగ్ హార్బర్ ఉంది, సొర అంటే సొరచేపే. ఆనపకాయను సొరకాయ అనే జిల్లాల నుంచి కోడలు వస్తే ఆవిడకు ఇంకోటి గుర్తొస్తుంది.

ఇవి నవ్వుకుని వదిలేయగలిగినవి. కొన్ని అలా కావు. ఆరి అనే పేరు నాకెంతో ఇష్టం. హీబ్రూలో సింహం, ఉత్తర యూరప్ పాత భాష నార్స్‌లో గద్ద. కానీ మనకు దీపం ఆరిపోవడం గుర్తొస్తుంది, కుదించి అరి అంటే శత్రువు. ఇలాంటి దాన్ని ఇంట్లో పెద్దవాళ్ల మీద రుద్దకండి. అర్థం ఎక్కడో బాగున్నా రోజూ వినేది ఇక్కడ.

కాబట్టి ఒక మనిషికి పేరు చెప్పి, అర్థం చెప్పకుండా, "ఇది వింటే ఏం గుర్తొస్తోంది?" అని అడగండి. అరవై దాటినవారిని ఒకరిని, ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి ఒకణ్ణి తప్పకుండా అడగండి. పిల్లాడు చెప్పేదే రేపు స్కూల్లో వినపడుతుంది.

మీ ఇంట్లో ఉన్నదానికే వేరే దేశపు మాట

అరుదైన పేరు కావాలని ఏ సంబంధమూ లేని పేరు పెడితే పిల్లాడు పెరిగి "ఇదెందుకు పెట్టారు?" అన్నప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు. నా సలహా ఏమిటంటే, మీ ఇలవేల్పు, మీ తాత పేరు, మీ వృత్తి, బిడ్డ పుట్టిన కాలం, వీటిలో ఒకదాన్ని తీసుకుని దానికి ఇంకో భాషలో మాట వెతకండి.

ఉత్తరాంధ్రలో సింహాచలం అప్పన్నను, అంటే నరసింహస్వామిని, కొలవని ఇల్లు తక్కువ. సింహానికి ప్రపంచమంతా పొట్టి పేర్లున్నాయి. లాటిన్ నుంచి లియో, రష్యన్‌లో లెవ్, అరబిక్‌లో అసద్, స్వాహిలీలో సింబా. అప్పలనాయుడు మనవడికి లియో అని పెడితే అది పరాయి పేరెలా అవుతుంది?

పోర్టులోనో, షిప్‌యార్డులోనో, చేపల వేటలోనో బతికిన ఇల్లయితే సముద్రం పేర్లు చూడండి. హవాయిలో కై అంటే సముద్రం, నలు అంటే అల. కై మీద మీకు మోజుంటే, న్యూజిలాండ్ మావోరీ భాషలో అదే మాటకు తిండి అని అర్థమని తెలుసుకుని పెట్టుకోండి. టర్కీలో డెనిజ్ అంటే సముద్రం, అబ్బాయిలకూ అమ్మాయిలకూ పెడతారు. జపాన్‌లో మినతో అంటే ఓడరేవు. మూడక్షరాలైనా నేను దాన్ని పొట్టి పేర్లలోనే వేస్తాను, పలకడం అంత తేలిక. డిలన్ వేల్స్ పాత కథల్లోని పిల్లాడు. పేరు పెట్టిన వెంటనే సముద్రంలోకి వెళ్లిపోయి చేపతో సమానంగా ఈదాడట. మత్స్యకారుల ఇంట పుట్టిన బిడ్డకు ఇంతకన్నా దగ్గరి కథ ఏముంటుంది?

చైత్రంలో పుట్టినవాడికి హారు. జపాన్‌లో వసంతమని అర్థం, మనకు హరుడికి దగ్గరగా వినిపిస్తుంది. హనుమంతుణ్ణి కొలిచేవాళ్లకు ఇండోనేషియా వాళ్ల బాయు ఉంది. మన వాయువే అక్కడికి వెళ్లి బాయు అయింది, గాలి అని అర్థం. అక్కడి ఓడ సిబ్బందిలో బాయు, సూర్య, బీమ అనే ముస్లిం కుర్రాళ్లతో కలిసి పనిచేశాను. ఆ పేర్లు వాళ్లకు ఎంత సొంతమో చూస్తే పేర్లకు సరిహద్దులు ఎక్కడున్నాయనిపించేది. తామరపువ్వు ఇష్టమైతే జపాన్ వాళ్ల రెన్. అక్కడ ఒకే ఉచ్చారణను వేర్వేరు లిపి గుర్తులతో రాస్తారు, గుర్తు మారితే అర్థం మారుతుంది. తామర అనే అర్థంతో రాసే గుర్తు రెన్ పేరుకు బాగా వాడతారు.

చాలా ఏళ్లు ఎదురుచూశాక పుట్టిన బిడ్డ అయితే ఆశ అనే మాట వెతకండి. పర్షియన్‌లో ఒమిద్, టర్కీలో ఉముత్, ఫిన్నిష్‌లో తోయ్వో. అదృష్టం, సంతోషం రెండూ కలిసిన ఫిన్నిష్ మాట ఓన్ని. నాకు తెలిసిన పొట్టి పేర్లలో ఇంత నిండైనది ఇంకోటి లేదు, తెలుగు నోటికి కూడా ఇట్టే వస్తుంది.

మా ఇంట్లో ఏమైందంటే, మా నాన్నగారి పేరు చిన అప్పలరాజు. ఐర్లండ్‌లో రియన్ అనే పేరు ఉంది, చిన్న రాజు అని అర్థం. మా అమ్మాయి ఆ మాట చదవగానే ఇంక వెతకడం ఆపేసింది.

అడిగి తీసుకోవలసిన పేర్లు

కొన్ని పేర్లకు నియమం ఉంది, అది తెలియకుండా తీసుకోకూడదు. ఘానాలో అకాన్ వాళ్లు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. మగపిల్లాడు సోమవారం పుడితే కోజో, గురువారం యావ్, శుక్రవారం కోఫీ, శనివారం క్వామే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా 1997 నుంచి 2006 దాకా చేసిన కోఫీ అన్నన్ శుక్రవారం బిడ్డ. మంగళవారం పుట్టినవాడికి కోఫీ అని పెడితే, ఆ దేశం మనిషి కలిసిన రోజున మొదటి ప్రశ్నే దాని గురించి వస్తుంది. కాఫీ అని పిలిపించుకోవడం వేరే సంగతి. మన అరకు, పాడేరు వైపు కూడా వారం పేరుతో సోమ, బుద్ర, సుక్ర అని పెట్టే అలవాటుంది కాబట్టి ఇది మనకు అర్థం కాని విషయం కాదు.

బాలి ద్వీపంలో పుట్టిన వరసను బట్టి పేరు. వయాన్ మొదటివాడు, మదే రెండోవాడు, న్యోమాన్ మూడోవాడు, కెతుత్ నాలుగోవాడు. వినడానికి బాగుందని మొదటి బిడ్డకు కెతుత్ అనకండి. మావోరీ వాళ్లకు తానె అడవుల దేవుడి పేరు, దాన్ని వాళ్లు ఎంత భక్తితో తలుచుకుంటారో మనం శివుడి పేరు తలుచుకున్నట్టే. తీసుకుంటే ఆ భక్తితో తీసుకోండి.

స్పెల్లింగ్ చూసి చదివించండి

బిడ్డ పేరు మన దగ్గర సగం జీవితం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటుంది. అందుకని కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి, ఏమీ చెప్పకుండా కిరాణా కొట్టు అబ్బాయి చేత, పక్కింటి టీచరమ్మ చేత చదివించండి. ఐర్లండ్‌లో సి, ఐ, ఏ, ఎన్ అని రాసి కీయన్ అంటారు. ఇక్కడ ఎవరైనా సియాన్ అనే చదువుతారు. టర్కీలో సి, ఏ, ఎన్ అంటే జాన్, ప్రాణం అని అర్థం. మన అటెండెన్స్ పుస్తకంలో అది క్యాన్. ఇద్దరిలో ఒకరైనా తప్పు చదివితే ఆ స్పెల్లింగ్ మార్చాలి, లేదా ఆ పేరు వదిలేయాలి. ఫోన్‌లో చెప్పడం కూడా చూసుకోండి. ఓడ రేడియోలో అక్షరానికొక మాట చొప్పున చెబుతాం. రియన్ అంటే రోమియో, ఇండియా, ఆల్ఫా, నవంబర్, అంతే. పేరు పొట్టిదైతే వచ్చే సుఖం ఇదే.

ఇంటిపేరుతో కలిపి కూడా గబగబా పలకండి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, అచ్చుతో ముగుస్తుంది. పేరు కూడా అచ్చుతో మొదలైతే సంధి కలిసి పేరు మాయమవుతుంది. మజ్జి వారి అబ్బాయికి ఇవో అని పెడితే మజ్జివో అవుతుంది. పొట్టి పేరులో మొదటి అచ్చు పోతే మిగిలేదేముంది? ఇంటిపేరు పొడుగ్గా ఉన్నవాళ్లకు పొట్టి పేరు బాగా నప్పుతుంది, ఇంటిపేరూ రెండక్షరాలే అయితే కొంచెం పెద్ద పేరు చూసుకోండి.

ఎక్కడ అరుదు?

మనకు కొత్తగా అనిపించేవి అక్కడ వీధికి నలుగురికి ఉంటాయి. అమెరికాలో 2013 నుంచి 2016 వరకు మగపిల్లలకు ఎక్కువమంది పెట్టిన పేరు నోవా, 2017 నుంచి 2024 వరకు లియామ్. మీ అబ్బాయి అక్కడ చదవాలన్నది మీ ఆలోచనైతే ఈ రెండూ అరుదైన పేర్లు కావు. ఓన్ని, హారు, బాయు లాంటివి ఇక్కడా అక్కడా కూడా తక్కువే.

నక్షత్రం, బారసాల

అక్షరం కుదరదేమోనని టెన్షన్ పడేవాళ్లకు చెబుతున్నా, పొట్టి పేర్లలో కుదరడం ఇంకా తేలిక, ఎందుకంటే కావలసింది మొదటి అక్షరమే. భరణికి లీ, లూ, లే, లో. లియో, లూకా, లెవ్ అన్నీ అందులోకే వస్తాయి. పునర్వసు మూడో పాదానికి హా, హారు సరిపోయింది. మూల మూడో పాదానికి బా, బాయు ఉంది. జ్యేష్ఠ మొదటి పాదానికి నో, నోవా. విశాఖకు తీ, తూ, తే, తో. తోయ్వో ఉంది, థియోను కూడా మా పురోహితుడు ఒప్పుకున్నారు. మా మనవడిది చిత్త నాలుగో పాదం, రీ. రియన్ అక్కడా కుదిరింది.

పెద్దవాళ్లు పైడిరాజు అనో నూకరాజు అనో మొక్కుకుని ఉంటే దాన్ని కాదనకండి. బారసాల నాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రెండు పేర్లూ రాయవచ్చు, చెవిలో రెండూ చెప్పవచ్చు. వాటిలో సర్టిఫికెట్‌లోకి వెళ్లేది ఏది, ఇంట్లో పిలిచేది ఏది అన్నది మాత్రం ఆ రోజుకు ముందే రెండు కుటుంబాలూ కూర్చుని తేల్చుకోవాలి. ఉయ్యాల దగ్గర తేల్చుకుందాం అనుకుంటే మాట మాట వస్తుంది.

సర్టిఫికెట్

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి, ఆసుపత్రిలో పుడితే ఆ కబురు ఆసుపత్రే పంపుతుంది. అప్పటికి పేరు తేలకపోయినా నమోదు ఆపకండి. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు ఎప్పుడైనా ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఏడాది దాటితే ఆలస్య రుసుం కట్టాలి. కాబట్టి తొందరపడి నచ్చని పేరు రాయించే అవసరం లేదు. ఒకసారి పేరు ఎక్కాక మార్చడం మాత్రం తేలిక కాదు.

2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా, డ్రైవింగ్ లైసెన్సుకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందుకే జీవీఎంసీకి, అంటే మన విశాఖ నగరపాలక సంస్థకు, ఇచ్చే దరఖాస్తులో పేరును తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ మీరే పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. కొత్త పేరు కాబట్టి రాసేవాళ్లు తమకు తెలిసిన పేరు అనుకుని సరిదిద్దే ప్రమాదముంది. రియన్ అని చెబితే రేయాన్, ర్యాన్, రిహాన్ అని రాయడానికి క్షణం పట్టదు. ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి, పాస్‌పోర్టు వేళ అది అవసరమవుతుంది. సర్టిఫికెట్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి రెండు భాషల్లోనూ అక్షరం అక్షరం చదువుకోండి. తప్పుంటే వెంటనే చెప్పండి. అది సరిగ్గా ఉన్నాకే బాల ఆధార్‌కు వెళ్లండి, ఎందుకంటే అక్కడ ఎక్కేది ఈ కాగితంలో ఉన్న పేరే.